టెన్నిస్ రాని ఇంట్లో 'వింబుల్డన్' సినిమా చూడటం ఎలా

అమ్మతో కలిసి ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు ఇరవై నిమిషాల్లో ఏడెనిమిది సార్లు ఆపాల్సి వచ్చింది. "ఆ అబ్బాయి గెలిచాడా, ఓడాడా?" "పదిహేను, ముప్పై అయ్యాక నలభై ఐదు కదా రావాలి, నలభై అంటాడేంటి?" చివరికి అసలు ప్రశ్న వచ్చింది: "ఏమే, మధ్య మధ్యలో ప్రేమ, ప్రేమ అంటున్నారు. ఎవరి ప్రేమే?" అది లవ్. టెన్నిస్‌లో సున్నాని అలా అంటారు. చెప్పేసరికి సీన్ దాటిపోయింది. అమ్మకి ఆ రోజు కథ అందలేదు.

తర్వాతి ఏడాది, సినిమాకి ముందే ఓ అరగంట కూర్చుని ఆట చెప్పి, అప్పుడు పెట్టాను. అదే సినిమా, అదే అమ్మ. చివరి మ్యాచ్‌కి సోఫా అంచు మీదకి వచ్చేసింది. రిచర్డ్ లాంక్రేన్ తీసిన ఈ 2004 ప్రేమకథలో మనసులో మాట సగం స్కోరులోనే ఉంటుంది. స్కోరు తెలియకపోతే ఆ సగం పోతుంది. మీ ఇంట్లో అలా పోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా కావాల్సినవి

సినిమా నిడివి 98 నిమిషాలు. ముందు అరగంట, తర్వాత ఓ పావుగంట కలుపుకుంటే రెండున్నర గంటలు తీరిక ఉన్న సాయంత్రం చూసుకోండి. సినిమా ఇంగ్లీషులో ఉంటుంది, బ్రిటిష్ యాస ఎక్కువ. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

పెద్దవాళ్ళతో, పిల్లలతో కూర్చునేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. హీరోకి హోటల్లో పొరపాటున వేరే గది తాళం ఇస్తారు. లోపలికి వెళ్తే హీరోయిన్ స్నానం చేస్తూ ఉంటుంది. వాళ్ళ పరిచయమే అక్కడ. అమెరికాలో దీనికి పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలనే రేటింగ్ ఇచ్చారు. చిన్నపిల్లలుంటే ముందు మీరొక్కరే చూసి నిర్ణయించుకోండి. మా ఇంట్లో ఆ సీన్‌కి నాన్న మంచినీళ్ళకి లేచి వెళ్ళారు, అంతే.

ఇంకా కావాల్సినవి: రెండు స్టీలు పళ్ళేలు, పదిహేను చింతగింజలు, పదిహేను గవ్వలు, ఐదు గ్లాసులు. గవ్వలు లేకపోతే శనగలైనా సరే. తినడానికి, లండన్‌లో ఏటా జరిగే వింబుల్డన్ టెన్నిస్ టోర్నీలో అయితే స్ట్రాబెర్రీలూ క్రీమూ. జూన్ చివర్లో మన దగ్గర మంచి స్ట్రాబెర్రీలు దొరకవు, నేరేడు పళ్ళు దొరుకుతాయి. కాస్త ఉప్పు చల్లి గిన్నెలో పెట్టుకోండి.

చింతగింజలతో స్కోరు

తొందరపడకూడనిది ఈ ఒక్క పనిలోనే. మిగతావి ఎగ్గొట్టినా సినిమా నడిచిపోతుంది, ఇది ఎగ్గొడితే నడవదు.

ఒక పళ్ళెం హీరోది, ఇంకోటి ఎదుటివాడిది. పాయింటు వచ్చినప్పుడల్లా వాళ్ళ పళ్ళెంలో ఒక చింతగింజ వేయించండి. గింజ మీరు వేయకండి, నేర్చుకునే వాళ్ళ చేతే వేయించండి. ఖాళీ పళ్ళేన్ని 'లవ్' అనాలి. ఒక గింజ పడితే పదిహేను, రెండైతే ముప్పై, మూడైతే నలభై. నాలుగోది పడితే గేమ్. నలభై ఐదు ఎందుకు కాదని అడుగుతారు. గడియారం ముల్లు పావు పావు గంట జరిగినట్టు లెక్కపెట్టేవారని ఒక కథ చెబుతారు. ఆ కథ పట్టుకుని కూర్చోకండి, నలభై అంటే మూడు గింజలని గుర్తుంటే చాలు.

మెలిక ఒక్కటే ఉంది. ఇద్దరి పళ్ళేల్లోనూ మూడేసి గింజలు పడితే దాన్ని డ్యూస్ అంటారు. అక్కణ్ణుంచి ఎవరైనా సరే వరసగా రెండు గెలవాలి. ఒకటి గెలిస్తే 'అడ్వాంటేజ్', రెండోది కూడా గెలిస్తే గేమ్. మధ్యలో ఎదుటివాడు ఒకటి గెలిస్తే మళ్ళీ డ్యూస్. ఇది ఉత్తినే చెబితే ఎక్కదు. మీరొక పక్క, వాళ్ళొక పక్క కూర్చుని, నాణెం ఎగరేసి బొమ్మ పడితే మీకు, బొరుసు పడితే వాళ్ళకి గింజ వేసుకుంటూ మూడు గేములు ఆడండి. మా అమ్మకీ నాకూ ఒక గేములో డ్యూస్ ఐదుసార్లు వచ్చింది. ఆరోసారి నాణెం గాల్లో ఉండగా అమ్మ ఊపిరి బిగబట్టింది. టెన్నిస్ అంటే ఏంటో నేను నోటితో చెప్పలేని సంగతి ఆ నాణెం చెప్పేసింది.

గేమ్ గెలిస్తే గింజలన్నీ తీసేసి ఒక గవ్వ పెట్టండి. ఆరు గవ్వలొస్తే సెట్, కానీ కనీసం రెండు గవ్వల తేడా ఉండాలి. ఆరు-ఆరు అయితే టైబ్రేక్: అందులో పదిహేను, ముప్పై లెక్క ఉండదు, ఒకటి, రెండు, మూడు అని మామూలు అంకెలే. ముందుగా ఏడుకి చేరినవాళ్ళది సెట్, అక్కడా రెండు తేడా కావాలి. సెట్ గెలిస్తే గవ్వలు తీసేసి ఒక గ్లాసు బోర్లించండి. వింబుల్డన్‌లో మగవాళ్ళకి మూడు గ్లాసులు కావాలి, ఆడవాళ్ళకి రెండు.

ఇక సున్నాకి లవ్ అనే పేరు ఎలా వచ్చిందో రెండు మూడు కథలున్నాయి. నాకు నచ్చింది మాత్రం, పందెం డబ్బు కోసం కాకుండా ఆట మీద ఇష్టంతో ఆడటాన్ని ఇంగ్లీషులో 'లవ్ కోసం ఆడటం' అనేవారు కాబట్టి, చేతిలో ఏమీ లేనివాడి స్కోరుకి ఆ పేరు వచ్చిందనేది. అమ్మకి ఇదే చెప్పాను. సినిమాలో ఇది ఎందుకు పనికొస్తుందో కింద వస్తుంది.

సర్వీసు, బ్రేక్

ప్రతి పాయింటుకీ బంతిని ఎగరేసి మొదట కొట్టడమే సర్వీసు. ఒక గేమ్ మొత్తం ఒకరే సర్వీసు చేస్తారు, తర్వాతి గేమ్ ఇంకొకరు. వింబుల్డన్‌లో కోర్టు పచ్చగడ్డి. రై గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తుకి కోస్తారు. దాని మీద బంతి జారినట్టు, తక్కువ ఎత్తులో దూసుకొస్తుంది. అందుకని సర్వీసు చేసేవాడిదే పైచేయి. తన సర్వీసులో గేమ్ గెలవడం మామూలు సంగతి. ఎదుటివాడి సర్వీసులో గెలిస్తేనే వార్త. దాన్ని బ్రేక్ అంటారు. సినిమాలో జనం ఒక్కసారిగా లేచి అరిచినప్పుడు మీ పక్కవాళ్ళు "ఏమైంది?" అంటే చాలాసార్లు జవాబు "బ్రేక్ చేశాడు" అనే. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఆపాల్సిన సార్లు సగానికి సగం తగ్గుతాయి.

నూట పంతొమ్మిది అంటే ఎంత కింద

హీరో పీటర్ కోల్ట్. పాల్ బెటనీ వేశాడు. ఒకప్పుడు ప్రపంచంలో పదకొండో ర్యాంకు, ఇప్పుడు 119. ముప్పై దాటాడు, ఇక ఈ టోర్నీతో ఆట మానేసి ఓ క్లబ్బులో కోచ్‌గా చేరిపోదామనుకుంటాడు. "ప్రపంచంలో నూట పంతొమ్మిదో వాడంటే గొప్పవాడేగా, అంత దిగులెందుకు?" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. న్యాయమైన మాటే. దానికి ఈ లెక్క చెప్పండి.

పురుషుల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. 128 ఉన్నాయి కదా, 119 ర్యాంకువాడికి చోటు దొరకాలి కదా అనిపిస్తుంది. దొరకదు. ర్యాంకు చూసి నేరుగా తీసుకునేది 104 మందినే. 16 మంది ముందుగా అర్హత మ్యాచ్‌లు గెలిచి రావాలి. మిగిలిన 8 చోట్లు నిర్వాహకులు తమ ఇష్టప్రకారం పిలిచి ఇస్తారు. అదే వైల్డ్ కార్డు. ఎక్కువగా సొంత దేశం వాళ్ళకి, పేరున్న పాతవాళ్ళకి ఇస్తారు. పీటర్‌కి అలా వచ్చిన చోటే అది. అంటే ఆ వాకిట్లోకి అతను హక్కుతో రాలేదు, ఎవరో జాలిపడి తలుపు తీస్తే వచ్చాడు. బెటనీ మొదటి సీన్లలో భుజాలు కాస్త జార్చి నడుస్తాడు చూడండి, ఈ లెక్క తెలిసినవాళ్ళకి ఆ నడక అర్థమవుతుంది.

ఇదంతా సినిమా కల్పన, ఇలా ఎక్కడా జరగదు అనేవాళ్ళకి 2001 గురించి చెప్పండి. క్రొయేషియా ఆటగాడు గోరాన్ ఇవానిసెవిచ్ ర్యాంకు అప్పుడు 125. అంతకుముందు మూడుసార్లు ఫైనల్లో ఓడినవాడు, భుజం నొప్పితో కిందికి జారిపోయినవాడు. వైల్డ్ కార్డు మీద వచ్చి, ఫైనల్లో ప్యాట్రిక్ రాఫ్టర్ మీద ఐదో సెట్ 9-7తో గెలిచి టైటిల్ ఎత్తుకెళ్ళాడు. వైల్డ్ కార్డుతో వచ్చి పురుషుల సింగిల్స్ గెలిచినవాడు వింబుల్డన్‌లో ఇప్పటికీ అతనొక్కడే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేయాలి. పీటర్ ఇంగ్లీషువాడు. సినిమా వచ్చేనాటికి బ్రిటన్‌ మగవాళ్ళెవరూ అక్కడ సింగిల్స్ గెలిచి 68 ఏళ్ళయింది. ఫ్రెడ్ పెర్రీ 1936లో గెలిచాక మళ్ళీ ఎవరూ లేరు. ఆ మధ్య కాలంలో టిమ్ హెన్‌మన్ నాలుగుసార్లు సెమీఫైనల్ దాకా వెళ్ళి ఆగిపోయాడు. 1983 తర్వాత ప్రపంచ కప్పు కోసం మనం 2011 దాకా ఎలా కాచుకున్నామో గుర్తుచేయండి, వాళ్ళది దానికి రెట్టింపు కంటే ఎక్కువ. పీటర్ ఒక్కో మ్యాచ్ గెలుస్తుంటే పేపర్లకి పూనకం రావడం అప్పుడు అతిగా అనిపించదు. ఆ ఎదురుచూపు చివరికి 2013లో ఆండీ మర్రేతో తీరింది.

ఈనాటి కళ్ళకి వింతగా తోచేవి

ఇప్పుడు టీవీలో టెన్నిస్ చూసే పిల్లలుంటే ఇవి అడుగుతారు. వాన పడితే పైకప్పు ఎందుకు మూయరు? అక్కడి ప్రధాన కోర్టు అయిన సెంటర్ కోర్టుకి మూసుకునే కప్పు 2009లో వచ్చింది, అప్పటికి లేదు. వాన వస్తే కవరు కప్పి, ఆటగాళ్ళు లోపలికెళ్ళి కూర్చోవాల్సిందే. కథకి ఈ వాన చాలా ముఖ్యం, కాబట్టి తప్పక చెప్పండి. 2001 సెమీస్‌లో ఇవానిసెవిచ్ మూడో సెట్ హెన్‌మన్‌కి 6-0తో ఒప్పగించి కూలిపోయే దశలో ఉండగా వాన పడింది. మ్యాచ్ మూడు రోజులు సాగి ఫలితమే తారుమారైంది. వాన గెలిపించడం వింబుల్డన్‌లో కట్టుకథ కాదు.

గీత మీద పడిందో లేదో రీప్లే ఎందుకు అడగరు? ఆ పద్ధతి అక్కడ 2007లో వచ్చింది. గీతల దగ్గర నిలబడి అరిచే ఆ మనుషులెవరు? లైన్ జడ్జిలు. 2025 నుంచి వింబుల్డన్‌లో వాళ్ళు లేరు, యంత్రాలే చెబుతున్నాయి. చివరి సెట్‌కి టైబ్రేక్ కూడా అప్పట్లో ఉండేది కాదు, రెండు గేములు తేడా వచ్చేదాకా ఆడుకుంటూ పోవాల్సిందే. ఇవన్నీ సినిమా ముందే రెండు నిమిషాల్లో చెప్పేయండి.

చూసేటప్పుడు

ఇప్పుడు పెట్టండి. పళ్ళేలు ఎదురుగానే ఉంచండి, కానీ ప్రతి పాయింటుకీ గింజ వేయాలని చూడకండి. సినిమాలో మ్యాచ్‌లు ముక్కలు ముక్కలుగా వస్తాయి. స్కోర్‌బోర్డు కనిపించినప్పుడు గ్లాసులు మాత్రం మార్చుకోండి.

మ్యాచ్ మధ్యలో పీటర్ మనసులో అనుకునే మాటలు మనకి వినిపిస్తుంటాయి. బంతి ఎగరేసేలోపు వచ్చే భయాలు, తనని తాను తిట్టుకోవడం, ఊరడించుకోవడం. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అప్పట్లో టెన్నిస్ మ్యాచ్‌లో సలహా చెప్పేవాడు ఉండేవాడు కాదు, కొట్టినా తిన్నా ఒక్కడే. ఆ ఒంటరితనాన్ని మాటల్లో వినిపించిన తీరు చాలా నిజంగా ఉంటుంది. అక్కడ ఎవరినీ మాట్లాడనివ్వకండి.

బంతిని కాదు, కాళ్ళని చూడమని చెప్పండి. మ్యాచ్ సీన్లలో చాలా చోట్ల బంతి కంప్యూటర్‌లో పెట్టింది. నటులు బంతి లేకుండానే దెబ్బ తీసి, పరుగెత్తి, చూపు కదిపారు. ఇది తెలిశాక మా తమ్ముడు "అయితే అంతా మోసమేనా" అన్నాడు. నాకు అలా అనిపించదు. లేని బంతిని ఉన్నట్టు చూపించాలంటే కాళ్ళు ఆట నేర్చుకుని ఉండాలి.

కామెంట్రీ గొంతులు కూడా వినండి. జాన్ మెకెన్రో, క్రిస్ ఎవర్ట్ తాము తాముగానే కనిపిస్తారు. ఇద్దరూ వింబుల్డన్ సింగిల్స్ మూడేసి సార్లు గెలిచినవాళ్ళు. ఎవర్ట్ మాట మళ్ళీ వస్తుంది, ఆ పేరు గుర్తుంచుకోమనండి.

సినిమా షూటింగ్ కొంత 2003 వింబుల్డన్ జరుగుతుండగా అక్కడే చేశారు. అదే ఏడాది అదే టోర్నీలో మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా పదహారేళ్ళ వయసులో బాలికల డబుల్స్ టైటిల్ గెలిచింది. ఆ జనం, ఆ గడ్డి, ఆ ఎండ తెర మీద కనిపించినప్పుడల్లా నాకు ఆ అమ్మాయి అక్కడే ఎక్కడో కిట్ బ్యాగు భుజాన వేసుకుని నడుస్తున్నట్టు ఉంటుంది.

ఎవరు దేనికోసం ఆడుతున్నారు

ఇది సినిమా సగంలో ఒక్కసారి ఆపి అడగాల్సిన ప్రశ్న. మూడోసారి చూశాకే నాకిది తట్టింది. పీటర్ తమ్ముడు కార్ల్ సొంత అన్న ఓడిపోతాడని పందెం కాస్తుంటాడు. ఆ వేషం వేసింది జేమ్స్ మెకావోయ్, అప్పటికి ఇంకా కుర్రాడు. గెలుపులు మొదలవగానే చుట్టూ చేరే ఏజెంట్ ఉన్నాడు. కూతురి ఆట చెడుతుందని ప్రేమకి అడ్డుపడే హీరోయిన్ తండ్రి ఉన్నాడు, శామ్ నీల్ వేశాడు. ఒకరికి పందెం, ఒకరికి డబ్బు, ఒకరికి టైటిల్. వీళ్ళ మధ్య పీటర్, చేతిలో ఏమీ లేనివాడు, స్కోరు లవ్ దగ్గర నిలబడ్డవాడు. పందెం లేకుండా ఇష్టంతో ఆడటం అన్నామే, అదిక్కడ కళ్ళకి కడుతుంది. సినిమా ఆ మాట ఎక్కడా విప్పి చెప్పదు, మీరు కూడా సమాధానం చెప్పకుండా ప్రశ్న మాత్రం వేసి మళ్ళీ ప్లే నొక్కండి.

ఇక హీరోయిన్ లిజ్జీ బ్రాడ్‌బరీ, కిర్‌స్టెన్ డన్‌స్ట్ వేసింది. ఎదుగుతున్న అమెరికన్ తార. ప్రేమ మొదలయ్యాక పీటర్ ఆట పెరుగుతూ పోతుంది, లిజ్జీ ఆట తడబడుతుంది. ఇక్కడే ఈ సినిమాతో నాకు పేచీ. అతని మ్యాచ్‌లు ఒక్కొక్కటీ దగ్గర నుంచి చూపించి, ఆమెవి గబగబా దాటించేశారు. ప్రేమ వల్ల ఎవరో ఒకరి ఆట పోవాలంటే అది అమ్మాయిదే ఎందుకు కావాలి? మీ ఇంట్లో ఆడపిల్లలుంటే ఈ మాట పైకి అనండి. అప్పట్లో ఆడవాళ్ళకి బహుమతి డబ్బు కూడా మగవాళ్ళ కంటే తక్కువే ఇచ్చేవారు, వింబుల్డన్‌లో సమానం చేసింది 2007లో. అన్నాక 1974 సంగతి చెప్పండి. ఆ ఏడాది నిశ్చితార్థం అయిన జంట ఒకటి వింబుల్డన్‌కి వచ్చింది. అమ్మాయి మహిళల సింగిల్స్ గెలిచింది, అబ్బాయి జిమ్మీ కానర్స్ పురుషుల సింగిల్స్ గెలిచాడు. ఆ అమ్మాయి ఇందాక కామెంట్రీలో విన్న క్రిస్ ఎవర్టే. వాళ్ళ పెళ్ళి తర్వాత జరగలేదు, కానీ ప్రేమ ఆమె ఆటని చెడగొట్టలేదు. 1992లో స్టెఫీ గ్రాఫ్, ఆండ్రీ అగస్సీ ఒకే ఏడాది అక్కడ గెలిచారు. వాళ్ళిద్దరూ దగ్గరై 2001లో పెళ్ళి చేసుకున్నారు.

అయినా లిజ్జీ పాత్రని తీసిపారేయకండి. చివరికొచ్చేసరికి ఒక సీన్‌లో ఆమె ఎదుటివాడి సర్వీసు గుట్టు పట్టి చెబుతుంది. అది ప్రియురాలి ధైర్యవచనం కాదు, ఆట తెలిసినదాని కన్ను. అలాంటి గుట్టులు నిజంగానే ఉంటాయి. బోరిస్ బెకర్ సర్వీసుకి ముందు నాలుక ఏ వైపు పెడుతున్నాడో చూసి బంతి ఎటు వస్తుందో కనిపెట్టేవాణ్ణని అగస్సీ తర్వాత చెప్పాడు. ఆ సీన్ రాగానే "ఇప్పుడు వాడి చేతిని చూడండి" అని మెల్లగా అనండి. ముగింపు మాత్రం చెప్పకండి, ఎంత బతిమాలినా సరే.

హీరో తల్లిదండ్రుల మీద కూడా ఒక కన్నేయండి. బెర్నార్డ్ హిల్, ఎలినార్ బ్రాన్ వేశారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడిగా ఉంటారు. కొడుకు మ్యాచ్‌లు గెలుస్తుంటే ఆ ఇంట్లో ఏం మారుతుందో చూడండి. మా అమ్మానాన్నలు పగలబడి నవ్వింది, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడనిది అక్కడే.

అయిపోయాక

వెంటనే లైట్లు వేయకండి. 2001 ఫైనల్ చివరి గేమ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, అది పెట్టండి. ఇవానిసెవిచ్ ఐదో సెట్‌లో మ్యాచ్ పాయింట్ల దగ్గర, అంటే ఇంకొక్క పాయింటుతో మ్యాచ్ గెలిచే చోట, చేతులు వణికి డబుల్ ఫాల్టులు చేస్తాడు (వరసగా రెండు సర్వీసులు తప్పి పాయింటు పోగొట్టుకుంటాడు), ఆకాశంకేసి చూసి దండం పెట్టుకుంటాడు. సినిమాలో పీటర్ మనసులో వినపడిన మాటలన్నీ ఇక్కడ ఆ మొహం మీద కనిపిస్తాయి. అప్పుడు గింజలు తీయండి. అమ్మ చేత వేయించండి: నలభై, డ్యూస్, అడ్వాంటేజ్ అనుకుంటూ. మా అమ్మ నాలుగో మ్యాచ్ పాయింట్ దాకా గింజ పిడికిట్లోనే పట్టుకుని కూర్చుంది. రాఫ్టర్ కొట్టిన బంతి నెట్‌కి తగిలాక పళ్ళెంలో వేసింది.

ఆ గింజలు మళ్ళీ వంటింటి డబ్బాలో కలిపేయకండి. చిన్న సీసాలో పోసి టీవీ పక్కన పెట్టుకోండి. జూన్ ఆఖర్లో టోర్నీ మొదలయ్యే సోమవారం, మన టైములో మధ్యాహ్నం మూడున్నరకే బయటి కోర్టుల్లో ఆట మొదలవుతుంది. మా ఇంట్లో ఆ రోజు సీసా మూత తీసేది అమ్మే.